కొట్టు చిన్నదే.. చెయ్యి పెద్దది!

ఉగాది దాటి ఎండ ముదిరిందంటే తెలుగు ఊళ్ల బజార్లలో ఓ పందిరి లేస్తుంది. నాలుగు రాటలు, పైన తాటాకులో కొబ్బరాకులో, కింద తడి ఇసుక, ఆ ఇసుకలో కుదురుగా కూర్చున్న కుండలు. తెలంగాణలో అయితే రంజన్లు. వాటి ఒంటికి చుట్టిన గోనెపట్టా ఆరకుండా మధ్యమధ్యలో చెంబెడు నీళ్లు చల్లుతుంటారు. శ్రద్ధ ఉన్నచోట లోపల గుప్పెడు వట్టివేళ్లు కూడా పడతాయి. స్టీలు గ్లాసుకు సన్నటి గొలుసు ఉంటుంది. ధర్మం ధర్మమే, గ్లాసు గ్లాసే! పందిరి ముందు 'చలివేంద్రం' అనే బోర్డు, దాని కింద కిరాణా మర్చంట్స్ అసోసియేషన్ పేరో, బంగారం కొట్టు పేరో, ఎరువుల దుకాణం పేరో.

దాహం వేసినవాడు ఆ బోర్డు చదవడు. చదవాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ పందిరి వెనక పని తక్కువేం కాదు. మృగశిర కార్తె వచ్చి తొలకరి పడేదాకా, అంటే రెండు నెలలకు పైగా, రోజూ మంచినీళ్లు తెప్పించాలి. కుండలు తోమించాలి. పాచి పట్టకుండా చూడాలి. నీళ్లు పోయడానికి ఒక మనిషిని కూర్చోబెట్టి జీతమివ్వాలి. కుండకు చిల్లు పడితే ఆ పూటే కొత్తది దించాలి. వారానికోసారి మజ్జిగ కూడా అనుకుంటే పెరుగు, అల్లం, కరివేపాకు, ఉప్పు ఖర్చు వేరే. చాలాచోట్ల ఈ బాధ్యతంతా కొట్టు గుమాస్తాదే. పొద్దున్నే షట్టర్ ఎత్తకముందు అతను ముందుగా పోయేది పందిరి దగ్గరికే.

ఇలా చెయ్యమని కొట్టు యజమానిని ఏ చట్టమూ అడగలేదు. పెద్ద కంపెనీల సంగతి వేరు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్ల రూపాయలో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ ఏదైనా గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షన్ చెబుతుంది. దానికో కమిటీ, వార్షిక నివేదికలో కొన్ని పేజీలు, ఆ పేజీల్లో మొక్కలు నాటుతున్న అధికారుల ఫొటోలు ఉంటాయి. అవి అక్కర్లేదని కాదు. ఆ డబ్బుతో బడులకు గదులు, ఊళ్లకు నీటిశుద్ధి ప్లాంట్లు వచ్చాయి. కానీ కిరాణా కొట్టుకు వార్షిక నివేదిక అంటూ ఉంటే అది గల్లాపెట్టె పక్కనుండే ఎర్రట్ట పద్దుల పుస్తకమే. అందులో గుడికి, బడికి, వినాయక చవితి పందిరికి రాసిన అంకెలు ఏ లెక్కల్లోకీ ఎక్కవు.

ఊరి వ్యాపారి ఇచ్చేదానికి ఓ ప్రత్యేకత ఉంది. తీసుకున్నవాడి ఇల్లు ఎక్కడో ఇచ్చినవాడికి తెలుసు. ఇచ్చినవాడి తూకం ఎలాంటిదో తీసుకున్నవాడికి తెలుసు. తక్కెట్లో కొట్టేవాడు చలివేంద్రం పెడితే బజారు నవ్వుతుంది. అంతకు మించిన ఆడిట్ ఏ చార్టర్డ్ అకౌంటెంటూ చెయ్యలేడు. రోజూ మొహాలు చూసుకునే ఈ సంబంధమే చిన్న వ్యాపారాల దానానికి ఉన్న బలం. దాని చిక్కులూ అక్కడే ఉన్నాయి.

టీ డబ్బుల బడి

ఒడిశాలోని కటక్ నగరం, బక్సీబజార్. అక్కడ టీ అమ్ముకుని బతికిన దేవరపల్లి ప్రకాశరావు సంగతి 2018 మే నెలలో దేశమంతటికీ తెలిసింది. కటక్ వచ్చిన ప్రధాని ఆయన్ను కలిశారు, తర్వాత 'మన్ కీ బాత్'లో ఆయన గురించి చెప్పారు. ఇంటిపేరు వింటేనే తెలుస్తుంది, ఆ మనిషి మూలాలు ఎక్కడివో.

చదువుకోవాలని ఆశ ఉండి కూడా ఇంటి పరిస్థితి కుదరక, తండ్రి టీకొట్టులోనే నిలబడిపోయిన మనిషాయన. చుట్టుపక్కల బస్తీ పిల్లలు బడికి వెళ్లకుండా తిరుగుతుంటే తనకు తప్పిన చదువు గుర్తొచ్చేది. 2000 సంవత్సరంలో ఆ పిల్లల కోసమే చిన్న బడి పెట్టారు. పేరు 'ఆశా ఆశ్వాసన'. టీకొట్టు ఆదాయంలో దాదాపు సగం బడికే పోయేది.

ఆయన పద్ధతిలో ఒక తెలివి ఉంది. బస్తీలో ఆకలితో ఉన్న పిల్లవాణ్ని అక్షరాలతో పిలిస్తే రాడు. అందుకని బడికొచ్చిన పిల్లలకు పాలు ఇచ్చేవారు. టీ అమ్మేవాడికి పాల విలువ ఇంకొకరు చెప్పాలా! కొట్టుకు ముడిసరుకు ఏదో, బడికి ఆకర్షణ కూడా అదే అయింది. పాలు తాగడానికి వచ్చినవాడు పలక పట్టుకున్నాడు. వీటన్నిటితోపాటు ఆయనకు రక్తదానం ఓ నియమం. అనారోగ్యంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరో ఇచ్చిన రక్తంతో బతికానని, ఆ బాకీ తీరుస్తున్నానని అనేవారట.

2019లో పద్మశ్రీ వచ్చింది. 2021 జనవరిలో ఆయన కన్నుమూశారు. పెట్టుబడిగా పొయ్యి, గిన్నె, కొన్ని గ్లాసులు తప్ప మరేం లేని వ్యాపారం ఇరవై ఏళ్లు ఒక బడిని పోషించింది. మిగులు ఉంటేనే ఇవ్వగలం అనుకునేవాళ్లకు ఈ లెక్క మింగుడుపడదు. ఆయన మిగిలింది ఇవ్వలేదు. ముందు ఇవ్వాల్సింది పక్కన పెట్టి, మిగిలినదాంతో ఇల్లు నడిపారు.

వంతెన కింద పంక్తి

హైదరాబాద్ పాతబస్తీలో దబీర్‌పురా ఫ్లైఓవర్ ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే దాని నీడలో చాపలు పరుస్తారు. బిచ్చమెత్తుకునేవాళ్లు, అడ్డా మీద పని దొరకని కూలీలు, చెత్త ఏరుకునేవాళ్లు వరుసగా కూర్చుంటారు. పళ్లేల్లో వేడి అన్నం, పప్పు. ఎవరు, ఏమిటి, ఏ మతం అన్న ప్రశ్న ఉండదు.

2012లో దీన్ని మొదలుపెట్టిన సయ్యద్ ఉస్మాన్ అజహర్ మక్సూసీది ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వ్యాపారం. ఇళ్లకు, షాపులకు సీలింగులు చేయించే పని. దబీర్‌పురా రైల్వేస్టేషన్ దగ్గర కాళ్లు లేని ఒక మహిళ ఆకలితో ఏడుస్తుంటే చూసి, తన దగ్గరున్న అన్నం ఇచ్చారు. తండ్రిని చిన్నప్పుడే పోగొట్టుకున్న మక్సూసీకి ఆకలి కొత్త కాదు. మర్నాటి నుంచి ఇంట్లో భార్య వండిన అన్నం మూటగట్టుకుని స్టేషన్ దగ్గరికి వెళ్లడం మొదలైంది. తినేవాళ్లు పెరిగేసరికి ఇంటి వంట చాలలేదు. వంతెన కిందే వంటమనిషి వచ్చాడు, డేగిశాలు వచ్చాయి. తర్వాత సానీ వెల్ఫేర్ ఫౌండేషన్ పేరుతో గాంధీ ఆసుపత్రి దగ్గరికీ విస్తరించింది.

ఈ కథ చెప్పుకునేటప్పుడు చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. ఆయన దాత కాకముందు వ్యాపారి. బియ్యం ఏ రకం ఏ ధరకు ఎక్కడ దొరుకుతాయో, వంటకు ఎంత గ్యాస్ పడుతుందో, వంద మందికి ఎన్ని కిలోలు వండితే గింజ మిగలదో లెక్క కట్టడం అలవాటైన మనిషి. ఒక్కరోజు అన్నదానం మనసుంటే చాలు, ఎవరైనా చేస్తారు. ఏళ్ల తరబడి రోజూ ఒకే వేళకు అన్నం ఉడకాలంటే మాత్రం కొట్టు నడిపిన బుద్ధి కావాలి. సరుకు అయిపోయేలోపే సరుకు దింపుకోవాలన్న సూత్రం అన్నదానానికీ వర్తిస్తుంది. పేరు విన్న జనం బియ్యం బస్తాలు తెచ్చి దించడం మొదలుపెట్టింది ఆ నమ్మకంతోనే. ఇక్కడ పెట్టిన బస్తా దారి తప్పదని వాళ్లకు కళ్లెదుటే కనిపిస్తోంది.

తలనొప్పి పెట్టుబడి

చిన్న వ్యాపారం ఊరికి తిరిగి ఇవ్వడం ఈనాటి ముచ్చట కాదు. వెనక్కి వెళితే అన్నిటికంటే ముందు తగిలేది చిన్న పసుపు మందు డబ్బా.

కృష్ణా జిల్లాలో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత సభల్లో శాంపిళ్లు ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మందు నిలబడింది, డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో ఆయన బొంబాయిలో మేడలు కట్టుకుని ఆగిపోలేదు. 1908లో అక్కడి నుంచే 'ఆంధ్రపత్రిక' వారపత్రిక తెచ్చారు. 1914లో మద్రాసు చేరి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' మాసపత్రిక. 1926లో ఆంధ్ర గ్రంథమాల. గ్రంథాలయోద్యమానికి అండ. అడిగినవాడికి లేదనని చెయ్యి. జనం ఆయన్ను విశ్వదాత అన్నారు, దేశోద్ధారకుడు అన్నారు. వ్యాపార దృష్టితో చూస్తే 'భారతి' లాంటి పత్రిక లాభసాటి బేరం కాదు. అయినా ఒక తరం కవులు, పరిశోధకులు, కథకులు దాని పేజీల్లోనే పెరిగారు. దేశం నలుమూలలా జనానికొచ్చిన తలనొప్పులు తెలుగు సాహిత్యానికి పెట్టుబడి అయ్యాయంటే అతిశయోక్తి కాదు.

బొంబాయిలో పెట్టిన వ్యాపారం 'మన ఊరి వ్యాపారం' ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. నాగేశ్వరరావు పంతులుకు ఊరంటే తెలుగు చదివేవాళ్లంతా. 1938లో ఆయన పోయారు. చెన్నై మైలాపూర్‌లో లజ్ దగ్గర ఆయన పేరున్న పార్కులో ఈ రోజుకీ పొద్దున్నే జనం నడుస్తారు. అమృతాంజనం డబ్బా కిరాణా కొట్లలో ఇంకా దొరుకుతూనే ఉంది.

సముద్రం దాటి సంపాదించి ఊరికి పంపినవాళ్లలో మరో పేరు మల్లాడి సత్యలింగం నాయకర్. కాకినాడ పక్కన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అక్కడి నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ రంగూన్ వెళ్లిన వేలమందిలో ఆయనొకరు. చేతికష్టంతో మొదలై వ్యాపారిగా ఎదిగారు. సంపాదించినదంతా ధర్మకార్యాలకు చెందేలా వీలునామా రాశారు. కాకినాడ జగన్నాథపురంలోని ఎంఎస్ఎన్ ఛారిటీస్ అలా పుట్టింది. కాకినాడలో ఉన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ప్రాంగణానికి ఎంఎస్ఎన్ క్యాంపస్ అని పేరు. అక్కడ చదివే పిల్లల్లో ఎందరికి ఆ మూడక్షరాల వెనకున్న మనిషి తెలుసో! తెలియకపోయినా ఫీజు రాయితీ ఆగదు, హాస్టల్లో అన్నం ఆగదు అన్నంత పకడ్బందీగా ధర్మాన్ని కాగితం మీద పెట్టిపోవడం ఆనాటి వ్యాపారుల దూరదృష్టి. కొడుకుల బుద్ధి మీద ఆధారపడకుండా దస్తావేజు మీద ఆధారపడ్డారు.

వరంగల్ వాళ్లకు సీకేఎం ఆసుపత్రి అంటే కాన్పుల ఆసుపత్రి. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ముగ్గురికీ అక్కడే పురుడు పోసిన ఇళ్లు ఉన్నాయి. సీకేఎం అంటే చందా కాంతయ్య స్మారక. ఆయన ఆ ఊరి వ్యాపారి. దేశాయిపేటలోని కాలేజీకీ ఆయన పేరే. తెలుగునాట ఏ పాత పట్నంలోనైనా కాలేజీ పేరులోని పొడి అక్షరాలు విప్పి చూస్తే ఒక బియ్యం వ్యాపారో, పొగాకు వ్యాపారో, మిల్లు యజమానో బయటపడతాడు. గుంటూరు టీజేపీఎస్ కాలేజీ పేరులో తెల్లాకుల జాలయ్య, పోలిశెట్టి సోమసుందరం ఇద్దరూ ఉన్నారు.

ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకరే

ఇంతవరకూ చెప్పుకున్నది ఒకరిచ్చి ఇంకొకరు పుచ్చుకునే పద్ధతి. ములుకనూరు దీన్ని తిరగేసింది.

ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ఈ ఊరు ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 1956లో ఏకే విశ్వనాథరెడ్డి చొరవతో చుట్టూ ఉన్న 14 ఊళ్ల రైతులు కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పటికి రైతు పరిస్థితి ఏమిటంటే, విత్తనాలకు షావుకారు దగ్గరికే వెళ్లాలి, పంట పండాక అతను చెప్పిన ధరకే అమ్మాలి. రెండు చేతులూ అక్కడే తాకట్టు. సంఘం వచ్చాక అప్పు సంఘమే ఇచ్చింది, ఎరువు సంఘమే తెచ్చింది, పంట సంఘమే కొంది. వడ్లు మరపట్టడానికి మిల్లు, పత్తికి జిన్నింగు, విత్తనాల శుద్ధి, అన్నీ ఒక్కటొక్కటిగా చేరాయి. లాభం వస్తే ఎవరి జేబులోకి పోతుంది? ఎవరి వడ్లు మిల్లులో ఆడాయో వాళ్ల జేబులోకే.

ఈ సంఘాన్ని గురించి రాసేటప్పుడు 'ఆదర్శం' అనే మాట వాడి చేతులు దులుపుకోవడం పత్రికలకు అలవాటైంది. నిజానికి ఇక్కడ గమనించాల్సింది ఆదర్శం కాదు, క్రమశిక్షణ. తీసుకున్న అప్పు గడువులోగా కట్టాలి. కట్టనివాడు పక్కింటివాడి సొమ్ము తిన్నట్టే, ఎందుకంటే అది నిజంగానే పక్కింటివాడి సొమ్ము. సహకార సంఘాలు రాజకీయాలకు అడ్డాలై మునిగిపోయిన రాష్ట్రంలో ఇది 1956 నుంచీ నడుస్తోందంటే ఆ ఒక్క నియమమే కారణం.

మగవాళ్ల సంఘం చూసిన ఊళ్లో ఆడవాళ్లు ఊరుకోలేదు. పొదుపు సంఘాలతో కూడబెట్టడం నేర్చుకున్న మహిళలు 2000లో సొంత డెయిరీ రిజిస్టర్ చేయించి, 2002లో నడపడం మొదలుపెట్టారు. 'స్వకృషి' పేరుతో పాలు, పెరుగు, నెయ్యి అమ్ముతారు. సభ్యులూ వాళ్లే, డైరెక్టర్లూ వాళ్లే. ఊళ్లో పాలకేంద్రం దగ్గర ఉదయం వేళ నిలబడితే వ్యవహారం అర్థమవుతుంది. క్యాను మూత తీస్తారు, చిన్న గరిటెతో నమూనా పడతారు, వెన్న శాతం చూస్తారు, పుస్తకంలో ఎక్కిస్తారు. నీళ్లు కలిపిన పాలైతే మొహమాటం లేకుండా పక్కన పెడతారు. పాడి ఆవిడ, పాలు కొలిచే ఆవిడ ఒకే వీధివాళ్లయినా సరే. ఏడాది చివర మిగులులోంచి బోనస్ వస్తుంది. ఆ బోనస్‌ను ఎవరూ దానమనరు. ఎవరి కష్టం వాళ్లకి చేరింది, అంతే. ఊరికి తిరిగి ఇచ్చే వ్యాపారాల్లో అన్నిటికంటే మెరుగైనది బహుశా ఇదే. ఇక్కడ ఇచ్చినవాడి ముందు పుచ్చుకున్నవాడు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

'నేడు నగదు, రేపు అరువు'

ఈ బోర్డు లేని కిరాణా కొట్టు తెలుగుదేశంలో అరుదు. ఆ బోర్డు కిందే అరువు పుస్తకం లేని కొట్టు ఇంకా అరుదు.

పొడుగాటి పుస్తకం, ముడుచుకుపోయిన అంచులు, దారంతో కట్టిన పెన్ను. పేజీకో ఇల్లు. పేర్లు ఓటరు జాబితాలో పేర్లలా ఉండవు. 'బడి ఆయా', 'ఆటో సందు', 'టైలరు కోడలు', 'మేడ మీద మాస్టారు'. అర కిలో కందిపప్పు, పావు నూనె, సబ్బు, పసిపిల్ల పాలపొడి. తారీఖు పక్కన అంకె. కొన్ని పేజీల్లో నెలకోసారి అడ్డంగా గీత పడుతుంది, అంటే బాకీ తీరింది. కొన్నింట్లో గీత పడి చాలా నెలలైంది. అయినా కింద కొత్త పద్దు రాస్తూనే ఉంటారు.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పడినప్పుడు రోజుకూలీల ఇళ్లను మొదట ఆదుకున్నవాటిలో ఈ పుస్తకం ఒకటి. రేషన్ బియ్యం వచ్చేలోపు, దాతల పొట్లాలు అందేలోపు, వీధి చివరి కొట్టులో ఉప్పూ పప్పూ అరువు దొరికింది. ఆ సాయాన్ని ఎవరూ ఫొటో తీయలేదు, తీయడానికి ఏముంది గనక! ఇచ్చినవాడు గళ్ల లుంగీలో కూర్చుని ఒక అంకె రాసుకున్నాడు.

అలాగని అరువు ఇచ్చిన ప్రతివాడూ దాతే అనుకుంటే పొరపాటు. అరువు సరుకుకు ధర ఎక్కువ వేసే కొట్లు ఉన్నాయి. పంట అప్పులో వడ్డీ కలిపి, దిగుబడి మొత్తం తన కాటా మీదికే రప్పించుకునే ఎరువుల వ్యాపారులు ఉన్నారు. ములుకనూరు పుట్టింది అలాంటివాళ్ల నుంచి తప్పించుకోవడానికేగా. గుడికి వెండి తొడుగు చేయించి గుమాస్తాకు పండగ బట్టలు ఎగ్గొట్టే షావుకారు ప్రతి ఊళ్లోనూ ఒకడు తగులుతాడు. పనివాడి జీతం, కొనేవాడి తూకం, సర్కారు పన్ను, ఈ మూడూ సరిగ్గా చెల్లించాక ఇచ్చేదే ఊరికి ఇచ్చినట్టు. ముందు వాటిని కోసి తర్వాత పంచితే అది ఊరి సొమ్మే ఊరికి చూపించడం.

పేరు సంగతీ చెప్పుకోవాలి. ప్రభుత్వ బడిలోకో గుళ్లోకో వెళ్లి తలెత్తితే సీలింగ్ ఫ్యాను రెక్కల మీద దాత పేరు ఎర్ర రంగులో కనిపిస్తుంది. ఒక రెక్క మీద ఇంటిపేరు, ఇంకోదాని మీద పేరు, మూడోదాని మీద 'జ్ఞాపకార్థం'. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ అదేం కనపడదు, కరెంటు పోతేనే చదవగలం. ఇందులో వెక్కిరించాల్సింది లేదు. పేరు చూసి పక్క కొట్టువాడు ఇంకో ఫ్యాను ఇస్తే బడికి గాలే కదా వచ్చేది. ఫ్లెక్సీలతోనే ఇబ్బంది. వంద నోటుపుస్తకాలు పంచి, అంతకు మూడింతలు ఖర్చుతో చౌరస్తాలో కటౌటు పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. అందులోనూ ఎన్నికల ముందు ఏడాది హఠాత్తుగా దానగుణం పుట్టుకొచ్చే వ్యాపారులను జనం ఇట్టే గుర్తుపడతారు.

శాలువాలు చాలు

మరి నిజంగా చేసేవాళ్లను మెచ్చుకోవడం ఎలా? మనకు తెలిసిన పద్ధతి ఒకటే: స్టేజి ఎక్కించి శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి, ఫొటో తీయడం. ఎండాకాలం సన్మానసభలో పట్టుశాలువా కప్పించుకున్నవాణ్ని అడిగితే తెలుస్తుంది, ఆ గౌరవం ఎంత వేడిగా ఉంటుందో. బీరువాలో మడతలు పెరుగుతాయి తప్ప కొట్టుకు ఒరిగేది ఉండదు.

ఇప్పుడు పట్నాల్లో పది నిమిషాల్లో సరుకులు గుమ్మం ముందుకొస్తున్నాయి. వాటిని తిట్టడం తేలిక, వాడకుండా ఉండటం కష్టం. వాటివల్ల వేలమంది కుర్రాళ్లకు బండి మీద ఉపాధి దొరికిందన్నదీ నిజమే. కానీ వినాయక చవితి చందాకు కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని వెళ్లేది వీధి కొట్టుకు. ఎవరైనా పోతే ఫ్రీజర్ పెట్టె కోసం, వైకుంఠ రథం కోసం ఫోన్ చేసేది ఊళ్లో వ్యాపారుల సంఘానికి. కావలసినప్పుడు కొట్టు, కొనేటప్పుడు యాప్ అంటే ఆ కొట్టు ఎన్నాళ్లు నిలబడుతుంది? జీతం పడగానే నెట్ బిల్లు, టీవీ బిల్లు ఠంచనుగా కట్టి, కిరాణా అరువును మాత్రం వచ్చే నెలకు తోసే ఇళ్లు తక్కువేం లేవు. శాలువా కంటే ఒకటో తారీఖున ఆ పేజీ మీద అడ్డగీత పడటం వ్యాపారికి ఎక్కువ సంతోషం.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు సొంతూరికి ఏదైనా చెయ్యాలని తపిస్తుంటారు. చాలాసార్లు అది ఊరి మొదట్లో స్వాగత తోరణమై నిలబడుతుంది. లారీ తగిలి పెచ్చులూడేదాకా బాగానే ఉంటుంది. దానికి బదులు, ఊళ్లో ఇప్పటికే ఏళ్ల తరబడి ఏదో ఒకటి చేస్తున్న కొట్టునో, డెయిరీనో, మెస్సునో వెతికి దాని వెనక నిలబడితే డబ్బుకు దారి తెలిసినట్టవుతుంది.

ఇందుకు పక్క రాష్ట్రంలో ఓ ముచ్చటైన ఉదాహరణ ఉంది. కోయంబత్తూరు దగ్గర వడివేలంపాళయం అనే ఊళ్లో కమలాత్తాళ్ అనే వృద్ధురాలు ఏళ్ల తరబడి రూపాయికే ఇడ్లీ అమ్మారు. కూలికి వెళ్లేవాళ్లు కడుపునిండా తిని వెళ్లాలన్నదే ఆ ధర వెనక లెక్క. రోట్లో రుబ్బడం, కట్టెల పొయ్యి మీద వండటం. 2019లో ఆమె వీడియో చూసిన పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా గ్యాస్ పొయ్యి కొనిస్తానని, ఆమె వ్యాపారంలో పెట్టుబడి పెడతానని ప్రకటించారు. ఈలోపే భారత్ గ్యాస్ వాళ్లు కనెక్షన్ ఇచ్చేశారు. మరి ఇంకేం కావాలని మహీంద్రా వాళ్లు అడిగితే, వండి వడ్డించుకోవడానికి వీలైన ఇల్లు కావాలన్నది జవాబు. 2022 మే నెలలో మాతృదినోత్సవం నాటికి ఆ ఇల్లు ఆమెకు అందింది.

ఆ మెచ్చుకోలులో నేర్చుకోవాల్సింది డబ్బు మొత్తం కాదు, అడిగిన తీరు. చలివేంద్రం నడిపే సంఘాన్ని అడిగితే పందిరి పక్కన మున్సిపాలిటీ కుళాయి కనెక్షన్ కావాలంటుంది, ట్యాంకరు ఖర్చు తప్పుతుంది కనుక. సాయంత్రం పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించే టైలరింగ్ షాపుకు ఖాళీగా పడున్న కమ్యూనిటీ హాలు తాళంచెవి చాలు. విద్యార్థులకు తక్కువ ధరకు భోజనం పెట్టే మెస్సుకు అద్దె పెంచకుండా రెండేళ్లు ఆగే ఇంటి యజమాని దొరకాలి. వార్డు సభ్యుడో, మున్సిపల్ కమిషనరో, ఆ వీధి కాలనీ సంఘమో కూర్చుని మాట్లాడితే ఒక్క పూటలో తేలే పనులివి.